బండికి ముందు, బండికి తర్వాత

కాశీబుగ్గలో జీడిగింజలు ఒలిచే దమయంతి వేలు
నా సూదికి ఓ పట్టాన లొంగదు.
జీడిసొన తిని తిని చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది.
రేషన్ మిషన్ ఆ వేలిని గుర్తుపట్టడం మానేసి రెండేళ్లయింది.
ఉంగరపు వేలి పక్కగా, గోటి కింద
ఇంకా మెత్తగా మిగిలిన చోటు ఒకటుంది.
అది ఆమెకీ నాకూ మాత్రమే తెలుసు.

శుక్రవారాలు నూట యాభై, నూట అరవై.
మంగళవారాలు రెండొందల నలభై,
ఒకసారి రెండొందల ఎనభై ఒకటి.

మొదట్లో తిట్టాను.
"మంగళవారం పూట దొంగతనంగా ఏం తింటున్నావే?"
"ఏటి తింటానమ్మా, సోడి అంబలి, ఎండుసేప తునక.
బెల్లంముక్క ముట్టుంటే నా కళ్లు పోవాల."
నమ్మలేదు.
రోజుకి పది ఒట్లు వింటాను నేను,
సగం ఒట్ల వెనక మైసూర్‌పాక్ ఉంటుంది.

ఆ మంగళవారం వాన.
కదల్లేక ఆమె అరుగు మీదే ఉండిపోయాను.
పదింటికి గుచ్చితే నూట డెబ్భై రెండు.
పదకొండున్నరకి వీధి మొదట్లో
బండి చప్పుడు.

అప్పుడు చూశాను.
చేటలో చెయ్యి ఆగిపోవడం,
మెడ మీద నరం లేచి కొట్టుకోవడం,
కొంగుముడి విప్పి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టడం,
రెండుసార్లూ నూట ఇరవై తక్కువ రావడం.
మొగుణ్ణి డయాలసిస్‌కి తిప్పడానికి
తీసుకున్న గ్రూపు అప్పు అది.
గ్రూపులో మిగతా తొమ్మిదిమందీ
వానలోనే గుమ్మాల్లోకొచ్చి
ఆమె కొంగు వంకే చూస్తున్నారు.

తిండి లేదు. గుక్కెడు నీళ్లయినా లేవు.
బండి వెళ్లాక గుచ్చాను:
రెండొందల ముప్పై ఎనిమిది.

ట్రైనింగులో చెప్పే ఉంటారు, నేను కునుకు తీసుంటాను.
భయం తగిలితే ఒళ్లు పరుగుకి సిద్ధమౌతుందట.
కాలేయం గాదె తలుపులు బార్లా తీసి
దాచిన చక్కెర నెత్తుట్లోకి గుమ్మరిస్తుందట.
ఎలుగుబంటి వెంటపడితే మంచి ఏర్పాటే.
కిస్తీ వెంటపడితే ఎటు పరుగెత్తాలి?
మనిషి గుమ్మంలో కూలబడి ఉంటుంది,
ఒలికిన గాదె ఖర్చయ్యే దారి లేక
లోపలే తిరుగుతూ ఉంటుంది.

"నీది నోటి తప్పు కాదే" అన్నాను.
"నాను ముందే సెప్పినాను గదా" అంది,
గెలిచిన మొహమేమీ లేదు.
"మరేటి సెయ్యాల, మాత్ర పెంచుతావా?"
మాత్ర డాక్టరుగారు చూసుకుంటారు.
కిస్తీ తగ్గించేవాళ్లకి రాయడానికి
నా సంచీలో చీటీ లేదు.
కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తియ్యమన్నాను.
తీసింది పాపం, నాలుగుసార్లు.
"కళ్లు మూస్తే అంకెలే కనపడతన్నాయమ్మా" అని నవ్వింది.

ఇంతలో బండి వెనక్కొచ్చింది.
హెల్మెట్ మరిచిపోయాడట కుర్రాడు.
ఇరవయ్యారుంటాయేమో. తడిసి ముద్దయిపోయాడు,
జేబులో ఫోను మోగుతూనే ఉంది, తియ్యడు.
నా మిషన్ చూసి కాసేపు నిలబడి
"అక్కా, నాకోపాలి సూడండి" అన్నాడు.
మెత్తటి వేలు, సూది తగలగానే చుక్క.
అంకె చూసి "మిషన్ తడిసిపోయుంటది" అన్నాడు.
ఆ అంకె ఇక్కడ రాయను.
అతని పేరు నా రిజిస్టర్‌లో లేదు.

దమయంతి లోపలికెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చింది.
నిలబడే తాగాడు.
నూట ఇరవై మాట ఇద్దరూ ఎత్తలేదు.

నా రిజిస్టర్‌లో గళ్లు రెండే:
తిండికి ముందు, తిండికి తర్వాత.
ఆ పక్కన ఖాళీలో ఇంకో రెండు గళ్లు గీశాను,
పెన్సిల్‌తోనే,
పైవాళ్లు అడిగితే చెరపడానికి వీలుగా.