కరెంటు పోయిన పగలు

జడ్చర్లల మూడు గంటల ఎండ.
కరెంటు పోయి గంటన్నర.
ఫ్రిజ్జిల వెనీలా డబ్బ
మెత్తబడుతున్న సంగతి
ఇద్దరికీ తెల్సు, ఇద్దరం మాట్లాడం.
బోరు మోటరు బిల్లు కాడ తెగింది మాట.

పొద్దుటి డికాషిన్, పాలు పొయ్యనిది,
గిన్నెల సల్లారింది.
యాలక్కాయ దంచి ఏసింది ఆమెనే,
వాసనకు దొరికింది.
రెండు గిలాసలల్ల సగం సగం వంచి
గోలీసోడా కొట్టిన:
బుస్సుమని క్యాలెండరు దాక చిందింది.
పైన గంటెడు వెనీలా.
మునుగుతదనుకున్న,
మొండిగ తేలింది, అంచులు నురగై.

యారాలు కుర్మమ్మ తలుపు కాడ నిలబడి
"చక్కెర ఏసినవా?" అన్నది.
ఎనిమిది దినాలకు మొదటి మాట.

ఎయ్యలే.
అడుగున వగరుగనే ఉంది.
తాగినం.
గిలాసలు ఎవరు తోమాలన్నది
పొద్దూకినంక లొల్లి.