గిన్నెకి ఎంత

పద్నాలుగో ప్రశ్న:
ఆ ఆగస్టులో రోజుకి ఎన్ని లీటర్ల పాలు తాగారు?

కుల్యాష్ అవ్వ నవ్వింది.
లీటర్లేమిటే, గిన్నెలు.
పెట్టె అడుగు నుంచి
అంచు పెచ్చులూడిన గిన్నె తీసింది.
నీళ్ళు పోసి కొలిచాను:
రెండు వందల ఎనభై మిల్లీలీటర్లు.

గాలి ఎటు వీచిందో నా దగ్గరుంది.
స్తెప్పీ గడ్డి మీద ఎంత రాలిందో,
ఆవు ఎంత మేసిందో,
ఏడేళ్ళ పిల్ల రోజుకెంత గాలి పీలుస్తుందో,
ఎనిమిది రోజులకి అయోడిన్ సగమవుతుందనీ.
లేనిదల్లా ఈ గిన్నె.

నిండుగా పోసేవారా?

పట్నం వెళ్ళి మరిచిపోయావా?
నిండుగా పోస్తే ఇక లేచి వెళ్ళమని.
టీ అయినా పాలయినా సగమే,
మళ్ళీ చెయ్యి చాచాలి కదా.

సగం, అని రాశాను.
పెన్ను ఎత్తేలోపు అంది:

ఆ మర్నాడు తప్ప.
ముందురోజు సిపాయిలు మమ్మల్ని
వాగులో బోర్లా పడుకోబెట్టారు.
లేచేసరికి గొర్రెల వీపుల మీద సన్నటి బూడిద.
మాచిపత్రి వాసన లేదు.
మర్నాడు పాలు పోస్తూ అమ్మ
గాలివైపే చూస్తూ ఉండిపోయింది.
గిన్నె పొంగింది.
బల్ల మీద ఒలికినవి కూడా
నాకేశాను. ఆకలి.

పట్టికలో ఒలికిన పాలకి గడి లేదు.
ఎక్కువో తక్కువో అనే చోట
ఒక అంకె వేసి, కొట్టేసి,
ఇంకాస్త పెద్దది వేశాను.

మెడ మీది గాటు మీదికి
రుమాలు సర్దుకుని
అవ్వ నాకు టీ పోసింది,
అదే గిన్నెలో,
సగం.