పదకొండో వాయి

మొదటి వాయి గుళ్ళుగుళ్ళుగా విరిగింది, చెడిన జున్నులా.
రెండోదాన్ని కవ్వంతో చిలికాను, భుజం పడిపోయిందాకా.
మూడోది కరెంటు మిక్సర్‌తో.
సగంలో కరెంటు పోయింది. అంబాజీపేటలో అదేం వార్త కాదు.
సగం సబ్బూ సగం నూనే అయిన ఆ ముద్దని
మా ఆయన గేటు బందులకి రాసేసుకున్నాడు.

కొబ్బరి కొట్టు లెక్కల పుస్తకం, వెనక పేజీ:
అరకిలో నూనె. డెబ్భైమూడు గ్రాముల సోడా. నూట ఎనభై నీళ్ళు.
సోడా వెళ్ళి నీళ్ళలో పడాలి,
నీళ్ళు వెళ్ళి సోడా మీద పడకూడదు.
ఈ ఒక్క ముక్క కింద మూడు గీతలు.
నాలుగోది నా ఎడమ మణికట్టు మీద.

ఎండుకొబ్బరి తూచే కాటాకి గ్రాములంటే లెక్కలేదు.
సోమాచారి దగ్గర పాత త్రాసు అరువు తెచ్చాను.
"బంగారమా?" అన్నాడు.
"కాదండీ, కాలేది" అన్నాను.

పాకాలు నాకు తెలుసు. లేతది, తీగది, ముదురుది.
ఇదీ అంతే.
కవ్వం ఎత్తితే కారిన ధార
పైన గీతలా నిలబడి, కాస్త ఆలోచించి, మునగాలి.
ఆ ఆలోచన దగ్గరే చెయ్యి ఆపాలి.
ఆపకపోతే గిన్నెలోనే గడ్డ.
తొందరపడి పోస్తే, అచ్చులో నూనె దారి నూనెది.

చల్లగా కలిపి చూశాను, గోరువెచ్చగా కలిపి చూశాను.
గోనెపట్టా కప్పి పొదిగే పెట్ట కింద గుడ్లలా దాచాను.
ఫ్రిజ్‌లో పెట్టినదానికి
ఎన్ని చుక్కల మల్లె అత్తరు పోసినా పండుగప్ప వాసనే.
కల్లు పోసి కలిపింది అచ్చులోంచి లేచి
బల్లంతా తిరిగొచ్చింది.

అదంతా సరదా.

ఓడలరేవు దారిలో రొయ్యల చెరువులు వచ్చాక
అప్పాయమ్మ బోరులోకి ఉప్పు దిగింది.
నలభై ఏళ్ళు ఊరి బట్టలు ఉతికిన చేతులు,
ఇప్పుడు సొంత చీర రుద్దితే తెల్లటి జిడ్డు తేలుతుంది,
నురగ రాదు.
మెత్తదనం కోసమని తవుడునూనె, ఆముదం కలిపి
నేను మురిసిపోతూ ఇచ్చిన మూడు ముక్కలూ
కాగితంలో చుట్టి తిరిగిచ్చేసింది.
"నీ సబ్బు నీ మంచినీళ్ళకే నురుగుద్ది పిల్లా."

ఆవిడ బోరునీళ్ళే ఒక బిందె తెచ్చుకున్నాను.
ఒట్టి కొబ్బరి నూనె. ఇంకేం వద్దు.
సోడా పడగానే ఆ నీళ్ళు తెల్లబోయాయి.
నేనూ తెల్లబోయాను.
చల్లారనిచ్చి పాత పంచెలో వడగట్టాను.
కొంత సోడాని ఆ ఉప్పు తినేసి ఉంటుంది,
ఎంతో తెలీదు. రెండు గ్రాములు ఎక్కువేశాను,
త్రాసుని కాదు, చేతిని నమ్మి.
ఇంకో గుప్పెడు ఉప్పు కూడా. ఎలాగూ ఉప్పే కదా.

ఉప్పు తిన్న సబ్బు ఎవరి కోసమూ ఆగదు.
నేను అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి
కత్తి దిగలేదు. బలం పెడితే
అంచులు పటికబెల్లంలా రాలాయి.

ఆరు వారాలు అటక మీద.
ఇక్కడి గాలికి మనుషులే కాదు, సబ్బులూ చెమర్చుతాయి.
తుడిచాను, అప్పడాల్లా తిరగేశాను, మళ్ళీ తుడిచాను.

బడి నుంచి అడిగి తెచ్చిన లిట్మస్ కాగితం
కొంగున ముడేసుకుని వెళ్తే
అప్పాయమ్మ ముక్క అందుకుని నాలిక చివర ఆనించింది.
"చౌడుమట్టి మా అమ్మ ఇలాగే చూసేది.
చురుక్కుమంటే పచ్చిది."
కళ్ళు మూసుకుంది.
అంతసేపు నేను ఏ పరీక్షకీ ఊపిరి బిగబట్టలేదు.
"మనలేదు" అంది.

బోరు కొట్టింది. చేతులు రుద్దింది.
నురగ పెద్దగా ఏం లేదు.
వచ్చింది, పోయింది.
మళ్ళీ రుద్దింది, మళ్ళీ వచ్చింది.
మోచేతుల దాకా పూసుకుని
దాన్ని ఎండకి పెట్టి చూసుకుంది, కొత్త గాజుల్లా.
తర్వాత వాసన చూసి ముఖం చిట్లించింది.
"ఏ వాసనా లేదేంటే?"

వెనక పేజీలో ఇంకో గీత:
పన్నెండు. అవే నీళ్ళు. నిమ్మగడ్డి.
ముందు కొయ్యాలి. అన్నం తర్వాత తినొచ్చు.