రెండోది

మా కొట్లో కంప్యూటర్ ధర అట్ట మీద రెండు అంకెలుంటాయి.
పెద్దది తొంభై తొమ్మిదిన్నర.
దాని పక్కన, దోమ వాలినట్టు, ఇరవై నాలుగు నెలలు అని.
మొత్తం ఎంతవుతుందని అడిగినవాళ్ళు
పదకొండేళ్ళలో నలుగురు.
దోనా దివానిల్డా ఆ నలుగురిలో లేదు.

జూన్‌లో వచ్చింది,
తొరితామా ఊరంతా మొక్కజొన్న కాల్చుకునే వారంలో.
గోళ్ళ చుట్టూ వదలని నీలి రంగు.
జీన్స్ ప్యాంట్లకి వెనక జేబులు కుడుతుంది,
జతకి పన్నెండు సెంటావోలు.
నెలకెన్ని జేబులవుతాయో వేళ్ళ మీద తనే కట్టుకుంది:
ఎనిమిది వందల ముప్పై జతలు.
సంతకం నెమ్మదిగా పెట్టింది,
వంకరపోతే కుట్టు విప్పాల్సి వస్తుందన్నట్టు.
చీటీల పుస్తకం చేతికిచ్చాను,
ఇంకా పుట్టని నెలలకి
ముందే తేదీలు అచ్చేసిన ఇరవై నాలుగు ఆకులు.

పెట్టె వంటింట్లోనే పెట్టిందట,
చిక్కుళ్ళు ఉడికే ఆవిరి తగలకుండా తువ్వాలు కప్పి.
మేనల్లుడు గళ్ళ పద్దు నేర్పాడట.
"గడికో అంకె వేసుకుంటూ పోతాను,
చివర ఒక్క మీట. మొత్తం అదే చెప్పేస్తుంది,
మొహమాటం లేకుండా."

ఏడో చీటీ నాటికి
మూటలు పట్టుకెళ్ళే ఆడెవాల్‌ది కాకిలెక్కని తేలింది.
మూటకి రెండు జతలు తరుగు.
ఆరు నెలలది కక్కించింది.
అంతకు ముందు తొమ్మిదేళ్ళ గళ్ళు
ఖాళీగానే ఉన్నాయి.

తొమ్మిదో చీటీ నాడు
గల్లా ముందు నిలబడి చీటీ ఇవ్వలేదు.
ఒక కాగితం పరిచింది.
ఇరవై నాలుగు గళ్ళు. కింద మొత్తం:
రెండు వేల మూడు వందల ఎనభై ఎనిమిది.
పక్కన రొక్కం ధర, పన్నెండు వందల తొంభై.
అది ఎక్కడ దొరికిందో నేనడగలేదు.

"అబ్బాయ్, దరిదాపు రెండిటికి కడుతున్నాను.
రెండోది ఎక్కడ పెట్టారు?"

కోపం లేదు.
గోదాములో మర్చిపోయారేమోనన్నంత మర్యాద.
వెనక వరుసలో ఎవరో నవ్వారు.
వడ్డీ అన్నాను. బ్యాంకు అన్నాను.
మా యజమానికి రెసీఫేలో ఇంకో యజమాని ఉన్నాడన్నాను.
నేర్పిన మాటలన్నీ అయిపోయాక
ముద్ర తీసి సిరా దిండుకి అద్దాను.
దిండు ఎండిపోయి ఉంది.

జనవరిలో పిడుగు పడింది.
ఊళ్ళో సగం టీవీలు పోయాయి,
ఆ వారం నేను పదహారు కొత్తవి అమ్మాను, చీటీల మీదే.
ఆమె పెట్టె కూడా పోయిందని విన్నాను.
ఇక రాదనుకున్నాను.
ఇక్కడ బాకీ ఎగ్గొడితే
పేరు మురికైందంటారు,
ఆ మురికి పేరు మీద సబ్బుబిళ్ళ కూడా అరువు పుట్టదు.

ఐదో తేదీన వచ్చింది.
అవే నలిగిన నోట్లు, అదే చిల్లర.
"మేనల్లుడు మూత విప్పి చూశాడు.
లోపల మాడిన వెల్లుల్లి వాసన."
నేను తలొంచుకుని చీటీ చింపుతుంటే
"దిగులు పడకు, దాని బాకీ పదమూడో చీటీతోనే తీరింది.
ఇప్పుడు కడుతున్నది రెండోదానికి" అంది.

ఆ తర్వాత నెలనెలా అడిగేది:
బాగుందా? దుమ్ము దులుపుతున్నారా?
బాగుందనేవాణ్ణి.
ఒకసారి గోదాములోకి వెళ్ళినప్పుడు
నిజంగానే అట్టపెట్టెల మధ్య వెతికాను,
ఎందుకో.

ఆఖరి చీటీ మళ్ళీ జూన్‌లో.
వీధి నిండా మొక్కజొన్న పొగ.
ముద్ర పడ్డాక ఖాళీ పుస్తకం చేతిసంచిలో వేసుకుని
గుమ్మం దగ్గర, కొత్త కంప్యూటర్ ముందు ఆగింది.
చెవి వెనక నుంచి కుట్టుగుర్తుల పెన్సిలు తీసి
ధర అట్ట మీద, దోమ పక్కనే,
గుణించి మొత్తం రాసి వెళ్ళింది.

శనివారం దాకా దాన్నెవరూ తుడవలేదు.
తుడవడం నా పనే.