క్ష కదిలింది

మడికొండ గుట్ట మీద ఆఫీసు, మూడో అంతస్తు.
టీ మిషన్ల పాలపొడి అయిపోయింది.
రేపు కొత్త వెర్షన్ విడుదల.
ఏమేం వచ్చినయో రాసేటోళ్లు వేరే ఉన్నరు,
వాళ్లకు రంగుల బొమ్మలు గూడ ఇస్తరు.
ఏమేం విరుగుతయో రాసేది నేను.

"అక్షరాల వరుసల స్వల్ప మార్పు"
అని నిరూప్ ఒక్క ముక్క పంపిండు.
స్వల్ప.
ఆ మాట కాడ నా వేలు ఆగింది.

బడిల క్ష ఎప్పుడూ ఆఖరు బెంచీదే,
ళ దాటినంక, ఱ పక్కన.
మొన్నటి వెర్షన్ల దాన్ని ఎత్తుకపోయి
క పక్కన కూసోబెట్టినం.
క కింద ష వత్తే గద, లెక్క తప్పుగాదు.
ఎవ్వరికీ చెప్పలే, గంతే.
పాత ఇండెక్స్ దాన్ని చివర్లనే దాచుకున్నది,
కొత్త కన్ను ముందట్ల దేవులాడింది.

ఎనుమాముల మార్కెట్ల
పర్వతగిరి క్షీరలింగం
పద్నాలుగు బస్తాల తేజ మిర్చి దింపి
టోకెన్ కిటికీ ముంగట నిలవడ్డడు.
పేరు లేదన్నది కంప్యూటర్.
ఆధార్ చూపిండు, పోయినేటి చీటీ చూపిండు,
చీటీ మీది మిర్చి మరక గూడ చూపిండు.
గుమాస్తా మెహరాజ్ మళ్ల కొత్తగ ఎక్కించింది.
అప్పటికెల్లి ఇద్దరు క్షీరలింగాలు:
మిర్చి ఒకని పేర, బ్యాంకు ఖాతా ఇంకొకని పేర.
నడుమ పైసలు నెల దినాలు తిరిగినయి.

అప్పుడు నేను సపోర్టుల ఉంటి.
ఫోనెత్తింది నేనే.
"బిడ్డా, నేనైతే మారలే.
మారింది మీరు.
మారేటప్పుడు ఓ మాట చెప్పాలె గద."

ఇప్పుడు క్షను మళ్ల ఆఖరుకే పంపుతున్నరట.
నిరూప్ ఫోన్ల నవ్విండు:
"బాగు చేసినం గదనే,
బాగుచేసుడు విరగ్గొట్టుడెట్లయితది?
జనం బెదురుతరు, కిందికి నెట్టు."

నడుమ ఏడాదిల వచ్చిన పేర్లన్నీ
క పక్కన ఇల్లు కట్టుకొని ఉన్నయి, నిరూప్.
వాటికెవరు చెప్తరు?

స్వల్ప కొట్టేసిన.
అప్‌గ్రేడ్ చేసే ముందు చదవండి, అని మొదలువెట్టిన.
క్షతో మొదలయ్యే పేర్లు ఇకపై చివర వస్తాయి.
ఇండెక్స్‌లు తిరిగి కట్టకపోతే
ఉన్నవాళ్లు లేనట్టు కనిపిస్తారు.

కింద కాజీపేట దిక్కు గూడ్సు బండి
ట్రాక్ మారుతున్నది, చాలాసేపు, చప్పుడు జేసుకుంట.

క్ష ఆఖరుకు పోయింది.
దాని కబురు మాత్రం అన్నిటికన్న పైన ఉంచిన.
ఉదాహరణకు ఒక పేరు కావాలె.
క్షీరలింగం అని రాసిన.
ఊరు రాయలే.