ఏ చేత్తో

పొర్రీన్యో గులాబీ రాయి. మూడు సెంటీమీటర్ల మందం.
సింకును బోర్లించి చుట్టూ పెన్సిలు తిప్పాడు ఎలాదియో,
ఆ గీతకు లోపలగా మరో గీత:
"అంచు రాయి మీద కూర్చోవాలి కదా, గాల్లో కాదు."

ముందు నాలుగు మూలలకీ బెజ్జాలు.
మూల గుండ్రంగా లేకపోతే
పగులు అక్కణ్ణించే బయల్దేరుతుందట,
దారి అడక్కుండా.

నీళ్లు పోయడం నా పని.
బ్లేడు అరుపులో మాటలుండవు, సైగలే.
ఇంత గులాబీ రాయీ
బూడిదరంగు బురదై నా బూట్లలోకి.
మాస్కు జారితే మోచేత్తో పొడిచాడు.
వాళ్లన్న షోసే ఇప్పుడు
మెట్టు మెట్టుకీ ఆగి
ఊపిరి అప్పు తెచ్చుకుంటాడు.

కుళాయి బెజ్జం దగ్గర మాత్రం మిషను ఆపేశాడు.
దోరిందా గారికి ఫోను:
"ఏ చేత్తో తిప్పుతారు?"
అటువైపు కాసేపు ఏమీ లేదు.
"మార్చి నుంచీ ఎడమ చేత్తోనే."
గుర్తు చెరిపి
ఎడమకి జరిపాడు, నాలుగు వేళ్ల మేర.

కోసిన ముక్క దభీమని పడలేదు.
కింద నా మోకాలు, ఒక పాత టైరు.
"అదీ బండిలో పెట్టు, ఆవిడ అడిగింది,
రొట్టె పిండికి.
ఒంటి చేత్తో పిసికేటప్పుడు
పీట కదలకూడదు."