ఒళ్లు నానే వేళ

కుతాయిసిలో మా వీధి దీపాలు వెలగకముందే
నాకు రాత్రి అవుతుంది.
రొట్టెలు కాల్చేవాడి గడియారం అంతే,
మూడింటికి లేవాలి, ఎనిమిదింటికల్లా పడుకోవాలి.
బయట పిల్లలింకా బంతి తంతుంటారు.
రియోని నది మీద వెలుతురింకా చల్లారదు.

నలభై ఏళ్లుగా నాది తలకిందుల పని.
మట్టి పొయ్యి, నిలువెత్తు గొయ్యి,
అడుగున ద్రాక్షతీగల నిప్పులు.
అంచు మీద పొట్ట ఆనించి
కాళ్లు గాల్లోకి లేచేదాకా లోపలికి వంగి
పడవలా సాగదీసిన పిండిని
గోడకు చెళ్లున అంటించి
పైకి రావాలి, కనుబొమలు కాలకముందే.
రోజుకు మూడొందల సార్లు.
లెక్క నాది కాదు, నా నడుముది.
అది ఒక్కటీ మరిచిపోదు.

చివరికి పాలీక్లినిక్కులో ఒక పిల్ల,
తామ్తా అట పేరు, మా చిన్నదాని ఈడు కూడా ఉండదు,
నా వెన్నును వేళ్లతో తట్టి చూసి
మాత్ర రాయలేదు.
కాగితం మీద పెన్సిలుతో
నలుగురు పుల్ల మనుషుల్ని గీసి ఇచ్చింది.
"పడుకునే ముందు వీళ్లు చేసినట్టు చెయ్యి, పెద్దాయనా.
నొప్పి ఇంట్లోకి వెళ్లకు,
గుమ్మం దగ్గరే ఆగిపో."

నవ్వొచ్చింది.
అరవై నాలుగేళ్లవాణ్ణి, మంచం మీద
పురిటి బిడ్డలా మోకాళ్లు కౌగిలించుకోవడమా?
కాగితం మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టాను.
వారం పోయాక ఒక రాత్రి
పక్క మీద ఏ వైపు తిరిగినా ఒక మేకు.
లేచి, దీపం వేసి,
ఆ పుల్ల మనుషుల్ని వెతుక్కున్నాను.

మొదటివాడు వెల్లకిలా పడుకుని
కుడి మోకాలు రొమ్ముకు తెచ్చుకుంటాడు.
నాది సగం దాకా వచ్చి మొరాయించింది.
రెండోవాడు మోకాళ్లు రెండూ ఒక పక్కకు వాల్చి
మొహం ఇంకో పక్కకు తిప్పుకుంటాడు,
అలిగిన మొగుడిలా.
అది మాత్రం నాకు బాగా వచ్చు.
మూడోవాడి సంగతి ఇప్పటికీ అర్థం కాలేదు,
ఆ పిల్ల గీత తప్పిందో, నిజంగానే మనిషి అలా వంగుతాడో.
నాలుగోవాడు గోడకు కాళ్లు నిలబెట్టి
ఊరికే ఉంటాడు.

నాజిబ్రోలా తలగడ మీంచి లెక్కపెట్టడం మొదలెట్టింది,
కళ్లు తెరవకుండానే,
ఎర్తి, ఓరి, సామి...
"ఊపిరి వదులు, ఎల్గూజా.
బస్తా మోస్తున్నవాడిలా బిగబట్టావు."

అప్పుడు తట్టింది.
బిగిసిన పిండిని లాగితే
వేళ్లలోంచి వెనక్కి పారిపోతుంది.
కొత్త కుర్రాళ్లు ఇంకా లాగుతారు, చింపుతారు.
ఎన్నిసార్లు తిట్టి ఉంటాను,
దాని మీద తడిగుడ్డ కప్పి
పోయి ఓ సిగరెట్టు కాల్చుకు రారా,
వచ్చేసరికి అదే సాగుతుంది, అని.
నలభై ఏళ్లు పిండికి ఇచ్చిన మర్యాద
నా తొడ కండరానికి ఒక్క రాత్రీ ఇవ్వలేదు.

మోకాలు పట్టుకుని ఊరుకున్నాను.
లాగలేదు.
కాసేపటికి లోపలెక్కడో
ఒక ముడి తనలో తనే ఆలోచించుకుని
వేలెడంత వదులైంది.

ఇప్పుడు రోజూ ఇదే.
ఈ గోడ చల్లన.
దానికి నా పాదాలు రెండూ రొట్టెల్లా అంటించి
చూస్తూ ఉంటాను.
ఇవి పొంగవు, ఎర్రబడవు, ఎవరూ కొనరు.

నిన్న లెక్క ఐదు దగ్గర ఆగిపోయింది.
తల తిప్పి చూస్తే
నా పాదాల పక్కన ఇంకో రెండు,
రోజంతా కొట్టులో నిలబడి
చిల్లర లెక్కపెట్టి పెట్టి వాచిన చీలమండలు.
ఎప్పట్నుంచి చేస్తోందో, నాతో అనలేదు.
అలాగే నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి.

ఆరు నేనూ అనలేదు.
కాలిన రొట్టెను కొక్కేనికి తగిలించి
విరగకుండా పైకి తీసినంత మెల్లగా
ఆమె కాళ్లు గోడ మీంచి దించాను.
కిటికీ అవతల ఎవడో గోలు కొట్టినట్టున్నాడు,
ఒకటే అరుపులు.
ఎవరు గెలిచారో
నాకు తెలియదు.